మాకు టపుల్ చెప్పిన మేడమ్

మాకు కంప్యూటర్ చెప్పిన మేడమ్ పోయిన ఆదివారం ఉదయగిరిలో, తమ ఇంట్లో చనిపోయారు. రెండేళ్లుగా కిడ్నీ జబ్బు. పాత విద్యార్థుల గ్రూపులో కబురు చూసి అందరూ దండం బొమ్మలు పెట్టారు. నేనూ ఒకటి పెట్టాను. పెట్టాక సిగ్గేసింది.

మీలో చాలామందికి ఆమె తెలియదు. ఆత్మకూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీకి రోజూ ఉదయగిరి నుంచి బస్సులో వచ్చి పైథాన్ అనే కంప్యూటర్ భాష చెప్పేవారు. మాలో సగం మందిమి తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లం. ఎంత తడబడినా మా కీబోర్డు ఆమె ముట్టేవారు కాదు. చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నిలబడేవారు.

డిక్షనరీ పాఠం రోజున మా పేర్లూ మా ఊళ్లే వేయించారు. పేరు కీ, ఊరు విలువ; పేరు ఇస్తే ఊరు రావాలి. క్లాసులో లావణ్యలం ఇద్దరం. జలదంకి లావణ్య తన ఊరు వేయగానే మా ఊరు సంగం ఎగిరిపోయింది. ఎర్రర్ కూడా రాలేదు.

"ఒక కీకి ఒకటే విలువ. కొత్తది వస్తే పాతది చెప్పకుండా పోతాది" అన్నారు మేడమ్. పేర్ల బదులు హాల్ టికెట్ నంబర్లు వేయించాక ఇద్దరం నిలిచాం.

విలువల్ని ఒక వరసలో మూటగా కట్టే టపుల్‌కి మా పుట్టినరోజులు తీసుకున్నారు. రోజు, నెల, సంవత్సరం, ఆ వరసలోనే. నేను నెల మార్చబోతే తెర మీద ఎర్రర్ పడింది. భయపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"అది నిన్ను తిట్టడం లేదు. ఎక్కడ తప్పో చెప్తా ఉండాది, చదువు. టపుల్ ఒకసారి కట్టినాక లోపల మార్చలేవు. కావాలంటే కొత్తది కట్టుకో."

మా కోసం ఆమె పాఠాలన్నీ తెలుగులో రాశారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక ల్యాబులో కూర్చుని మూడు నెలలు నేనే టైపు చేశాను. మరుసటి ఏడు కాలేజీ దాన్ని పుస్తకంగా వేసింది. కవర్ మీద పేరు యాజమాన్యం వాళ్ల బంధువుది. ఆ మనిషి ల్యాబు గడప తొక్కింది లేదు.

తన పేరు ఎందుకు లేదని మేడమ్ ప్రిన్సిపాల్‌ను అడిగారు. ఆయన నన్ను పిలిపించి, ఇది మేడమ్ ఒక్కరే రాసిందా అన్నారు. మేడమ్ నా పక్కనే ఉన్నారు. వారంలో ప్రాక్టికల్స్. మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి.

"అందరం కలిసి చేసినాం సార్" అన్నాను.

బయటికొచ్చాక తిడతారనుకున్నాను. "నీ రికార్డు సంతకం అయింది. ల్యాబులో ఉండాది, తీసుకుపో" అన్నారు. అంతే.

వేసవి సెలవుల తర్వాత ఆమెను రావద్దన్నారు. నేను ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. ఇప్పుడు అదే ల్యాబులో, అదే పుస్తకం పట్టుకుని పాఠం చెప్తున్నాను. ఆమె నంబరు నా ఫోన్లో ఎప్పుడూ ఉంది. ఒక్కసారీ చేయలేదు.

బుధవారం కాలేజీ నుంచి నేరుగా ఉదయగిరి బస్సెక్కాను. ఇంట్లో మేడమ్ చెల్లెలు ఉంది. పేరు చెప్పగానే గుర్తుపట్టింది.

"అక్క పుస్తకం టైపు చేసింది నువ్వే కదమ్మా. నీ గురించి మంచిగా చెప్పేది."

పుస్తకం అచ్చయిందని అక్క చెప్పిందట గానీ, ఎన్నిసార్లు అడిగినా ఇంటికి తేలేదట. నా దగ్గర ఉందా అని అడిగింది. లేదనొచ్చు. సంచిలోంచి తీసి ఇచ్చాను.

ఆమె చేతులు తుడుచుకుని అందుకుంది. కవర్ చూసింది, తిప్పి వెనక చూసింది.

"అక్క పేరు యాడుండాది?"

లేదని చెప్పాను. ఎందుకు లేదో చెప్పాను. ఆ రోజు ప్రిన్సిపాల్ గదిలో నేనన్న మాటా చెప్పాను. ఆమె నా వైపు చూడలేదు. మొదటి పేజీ తెరిచి, ఒక్కో వరస మీద వేలు పెట్టుకుంటూ కిందికి వెతుకుతోంది.