మామ పాదాలు, నర్సమ్మ గాజులు

మోతెలో ఉండే అత్త ఒక సాయంత్రం ఫోన్ చేసింది. ఇంట్లో గచ్చు మీద నెత్తురు చుక్కలు కనిపిస్తే పిల్లి ఎలుకను పట్టిందనుకుందట. తీరా చూస్తే అవి మామ పాదంలోంచి కారుతున్నాయి. గొర్లను దొడ్లోకి తోలి వచ్చి అన్నం తింటున్న మామకి ఆ సంగతే తెలియదు. పైగా ఫోన్ తీసుకుని, "నా కాళ్ళు ఇనుము బిడ్డా, ముల్లు గూడ జంకుతది" అని నాకే గొప్పలు. పదేళ్ళ నుంచి షుగర్ ఉన్న మనిషి. పాదాల్లో నరాలు మొద్దుబారితే పుండు పడినా తెలియదని, ముదిరితే కాలే తీసేయాల్సి వస్తుందని చదివినదాన్ని కాబట్టి నాకు ఒళ్ళు మండింది. కోదాడలో పాదాల పరీక్షకు ఉచిత క్యాంపు ఉందని కరపత్రం చూసి, వచ్చే ఆదివారమే బయల్దేరాలని చెప్పేశాను.

అది 2012 ఎండాకాలం. పొద్దున ఏడింటికి సూర్యాపేట బస్టాండులో కలుసుకుని బస్సెక్కాం. కోదాడకు గంట ప్రయాణం, టికెట్టు తక్కువే. దారి పొడుగునా మందను ఎవరు మేపుతారని మామ సణుగుడు. దిగి ఆటోలో ఫంక్షన్ హాలుకు వెళ్తే అక్కడ పెళ్ళి జరుగుతోంది. క్యాంపు మిర్యాలగూడకు మార్చారని ఆటో అతను తాపీగా చెప్పాడు. ఎక్కేటప్పుడే చెప్పొచ్చు కదా అంటే, "మీరు పెళ్ళికొచ్చారనుకున్నానండి" అన్నాడు.

కోదాడ నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడకు రెండు గంటల పైనే పడుతుంది. సగం దారి నిలబడే వెళ్ళాం. ఇంటికి పోదామని మామ, కుదరదని నేను. పన్నెండున్నరకు చేరితే అక్కడ ఇంకో రెండు గంటలు లైను.

చివరికి క్యాంపులో పరీక్ష చేసే నర్సమ్మ మామను కూర్చోబెట్టి, గాలం తీగలాంటి సన్నటి నైలాన్ పోగు తీసింది. కళ్ళు మూసుకుని, అది పాదానికి తగిలినప్పుడల్లా చెప్పమంది. మామ ప్రతిసారీ "ఆఁ, తగిలింది" అన్నాడు. ఒక్కటీ తప్పలేదు. ఆవిడ బాగానే ఉందని రాయబోతుంటే నాకు అనుమానమొచ్చింది. ఆవిడ చేతినిండా గాజులు, చెయ్యి కదిలితే చాలు గలగల. అవి తీసి మళ్ళీ చేయమని అడిగాను. విసుక్కుంటూనే తీసింది.

ఈసారి బొటనవేలి కింద, వేళ్ళ మొదట్లో, పాదం మధ్యలో పోగు ఆనించింది. పోగు వంగుతోంది, మామ పలకడం లేదు. కాసేపాగి, కళ్ళు తెరవకుండానే, "ఇగ మొదలువెట్టు బిడ్డా" అన్నాడు.

నర్సమ్మ అప్పటికే రెండు పాదాలూ పూర్తి చేసింది.

పొద్దున్నుంచి ఉన్న కోపమంతా ఎటు పోయిందో, నాకు భయమేసింది. డాక్టరు మామ అరికాలిలోంచి విరిగిన తుమ్మముల్లు తీసి కట్టు కట్టాడు. కాలికి ఇప్పటికి ముప్పు లేదని, ఉత్త కాళ్ళతో మాత్రం అడుగు వేయొద్దని చెప్పాడు. ఆ ముల్లుతోనే మామ మూడు ఊళ్ళు తిరిగాడు.

తిరిగి సూర్యాపేట బస్సెక్కాక మామ తన కాలి కట్టు వంక చూసుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "కుంటే గొర్రెను పట్టి ముల్లు తీస్త. నేను కుంటకపోతి, నాకెట్ల తెలుస్తది?"

నొప్పి లేదంటే రోగం లేదనుకుంటాం. మామ కూడా ముళ్ళు తన జోలికి రావడం లేదనే ఇన్నేళ్ళూ మురిసిపోయాడు. ఇప్పుడు మంద దొడ్లోకి చేరాక, చివరి గొర్రె తనేనంటూ, ముల్లుందేమో చూడమని అత్త ముందు కాళ్ళు చాపుతున్నాడట. మీరూ మీవాళ్ళను ఇలాంటి క్యాంపుకు తీసుకెళ్తుంటే, అది ఎక్కడ జరుగుతోందో ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి. పరీక్ష చేసేవాళ్ళ చేతికి గాజులుంటే, మొహమాటపడకుండా తీయమనండి.