ఏడిస్తే అయిదు

రొజాలియా కుల్పా మా బడిలో చరిత్ర చెబుతుంది, నేను భూగోళం. ఇరవై ఏడేళ్ళుగా స్టాఫ్‌రూములో మా కుర్చీలు పక్కపక్కనే. ప్రతి ఏప్రిల్‌లోనూ ఆమె ఎనిమిదో తరగతి పిల్లల్ని లుబ్లిన్ నగరం పక్కనున్న మైదానెక్‌కి తీసుకెళ్తుంది. నాజీలు మనుషుల్ని చంపిన శిబిరం అది. పదిహేను మంది పిల్లలకి ఒక పెద్ద తోడుండాలి కాబట్టి నేనూ వెళ్తాను. ఇప్పటికి పందొమ్మిది సార్లయింది.

యుద్ధానికి ముందు మా ఊళ్ళో సగం మంది యూదులే. జర్మన్లు పట్టుకెళ్ళారు, ఒక్కరూ తిరిగి రాలేదు. అంగడి వీధిలో వాళ్ళ ఇళ్ళలో ఇప్పుడు మేమున్నాం. రొజాలియా పుట్టింది కూడా అలాంటి ఇంట్లోనే. ఆ సంగతి నలభై దాటాక గానీ ఆమెకి తెలియలేదు, అదీ కంచె తగాదాలో పక్కింటి ముసలమ్మ నోరు జారితే. ఆ ఏడే పిల్లల్ని మొదటిసారి బస్సెక్కించింది.

అక్కడ చచ్చినవాళ్ళ బూట్లు ఒక కొయ్య కొట్టం నిండా ఉంటాయి. మొదటిసారి అది చూసి బయటికొచ్చి గడ్డిలో కూలబడింది. మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఏడో ఏడో, ఎనిమిదో ఏడో, అక్కడ కాల్చేసిన మనుషుల బూడిద కుప్ప ముందు నిలబడి నా చెవిలో అంది:

"జెనెక్, ఇంట్లో బంగాళాదుంపలున్నాయా లేవా అని ఆలోచిస్తున్నానోయ్. మనిషి బుద్ధేనా ఇది?"

"ఉంటే ఉడికించి నాకూ పట్రా" అన్నాను. నాకూ అప్పటికే ఏమీ అనిపించడం లేదు. మొహం మాత్రం ఇద్దరం ఆ రోజుకి తగినట్టు పెట్టుకునేవాళ్ళం.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఎవరూ మాట్లాడకూడదని ఆమె నియమం. ఆ నియమం దారిలో బర్గర్ల దుకాణం దాకానే. అక్కడ ఆపకపోతే తల్లిదండ్రులు అనుమతి కాగితం మీద సంతకం పెట్టరు. మర్నాడు పిల్లలు ఏమనిపించిందో ఒక పేజీ రాసివ్వాలి. దానికి మార్కుంటుంది. గుండె బరువెక్కింది, కళ్ళు చెమర్చాయి, ఎన్నటికీ మరవను: ఈ మూడూ ఉంటే ఆరుకి అయిదు. అక్కలు రాసినవి చెల్లెళ్ళకి ఆస్తిలా దక్కేవి. ఒకింటి అక్కచెల్లెళ్ళు ముగ్గురు, ఆరేళ్ళలో, "బూట్లు నాతో మాట్లాడాయి" అనే రాశారు.

"ఆ బూట్లకి వేరే మాట రాదు కాబోలు" అన్నాను.

"నోర్ముయ్, జెనెక్" అంటూ మూడోదానికీ అయిదు వేసింది. ఇందులో మా అందరికీ వాటా ఉంది. తిలాపాపం తలా పిడికెడు.

ఈ ఏడు కలినా ఏడవలేదు. రొజాలియా సొంత తరగతి పిల్ల. తల్లి ఆసుపత్రిలో నేల తుడుస్తుంది. పిల్లకి లుబ్లిన్‌లో పెద్ద బడిలో చేరి డాక్టరు కావాలని. దానికి ఎరుపూ తెలుపూ పట్టీ ఉన్న సర్టిఫికెట్ కావాలి, మార్కులతో పాటు నడవడికి కూడా మంచి గ్రేడుంటేనే పట్టీ వస్తుంది. కలినాకి మార్కులకి లోటు లేదు. కానీ శిబిరంలో కొట్టం వెనక కూర్చుని రొట్టే ఉడికించిన గుడ్డూ తింటుంటే, ఎవరో సందర్శకురాలు ఫోటో తీసి మా బడికి పంపింది.

"నడవడి గ్రేడు తగ్గించాల్సిందే. ఊరి పరువు తీసింది" అంది హెడ్‌మేడమ్ స్టెఫాన్స్కా.

ఆ రోజే రొజాలియా కలినా రాసిన పేజీ నా ముందు పెట్టింది. దిద్దలేదు.

"నాకు ఏమీ అనిపించలేదు. బూట్లలో నా కాలికి సరిపోయేది వెతికాను. దొరికింది. అప్పుడు కూడా ఏమీ అనిపించలేదు. ఆకలేసి తిన్నాను. పక్కనే ఉన్నవాళ్ళు ఏడ్చామని రాస్తున్నారు, ఎవరూ ఏడవలేదు, నేను చూశాను. నాలో ఏదైనా లోపం ఉందా?"

"పందొమ్మిదేళ్ళలో నాకు అబద్ధం చెప్పని పిల్ల ఇదొక్కతే" అంది రొజాలియా. "దీనికేం మార్కు వెయ్యను?"

ఆ పేజీని ఆమె వైపే జరిపాను. సిగ్గేసింది.

జూన్‌లో టీచర్ల సభ. కలినా పేరు రాగానే రొజాలియా లేచింది.

"నా తరగతి పిల్ల, గ్రేడు నేనే ఇస్తాను. చాలా మంచిది అని రాశాను, మార్చను."

"శవాల మధ్య కూర్చుని గుడ్డు తిన్న పిల్లకా?"

"నేను అక్కడ నిలబడి బంగాళాదుంపల గురించి ఆలోచిస్తాను మేడమ్. పదేళ్ళు దాటింది నాకేమైనా అనిపించి. నన్నేం చేస్తారు?"

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు కదా, హెడ్‌మేడమ్ గబగబా తర్వాతి పేరు చదివేసింది. గ్రేడు నిలిచింది. పట్టీ ఖాయం. రొజాలియా కూర్చుని చల్లారిన టీ తాగేసింది. గెలిచినట్టు కూడా లేదు ఆమె మొహం.

సభ అయ్యేసరికి కలినా గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో మడత పెట్టిన కాగితం.

"టీచర్, నేను మళ్ళీ రాశాను. ఆ పాతది ఇచ్చేస్తారా? పొయ్యిలో పడెయ్యమంది అమ్మ."

"ఎందుకే? అందులో అబద్ధం ఏమైనా ఉందా?"

"లేదు టీచర్. కానీ తప్పు కదా."

"నువ్వు రాసింది తప్పు కాదు. ఏడుపుకి నేను మార్కులెయ్యడం తప్పు." రొజాలియా గొంతు మామూలుగానే ఉంది. "నీకు పట్టీ వచ్చేసింది, దిగులు పడకు. ఇంకో మాట విను. నాక్కూడా అక్కడ ఏమీ అనిపించదు."

పిల్ల అదిరిపడింది. నా వైపు చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"మరి ప్రతి ఏడూ ఎందుకు వెళ్తారు టీచర్?"

రొజాలియా బల్ల మీది ఖాళీ టీ కప్పుని అటూ ఇటూ తిప్పింది. కలినా ఆమె మీద జాలిపడిందో ఏమో, కొత్త కాగితాన్ని బల్ల మీద పెట్టి అరచేత్తో మడతలు సాపు చేసింది.

"అయితే ఇది ఉంచుకోండి టీచర్" అంది మెల్లగా. "ఇందులో ఏడ్చాను."