మేనత్త పేరు లేని వంశవృక్షం

పోయిన మంగళవారం పొద్దున్నే రుద్రారం నుంచి ఫోను వచ్చింది. మా మేనత్త పోయింది. "అమ్మ పోయింది, మీ నాయినకు జెప్పు" అని ఆమె కొడుకు టక్కున పెట్టేశాడు. బావ గొంతులో ఏడుపు లేదు, కోపం ఉంది. నాకూ ఉంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడనీ.

మేనత్త మా నాయినకు అక్క. చదువు రాదు. కానీ ఏటా పెత్రమాసకు పుట్టింటికి వచ్చి, పోయిన పెద్దల కోసం దానమిచ్చే బియ్యాన్ని చేటలో దోసెడు దోసెడు పోస్తూ ఒక్కొక్కరి పేరు చెప్పేది. కరువులో నారాయణఖేడ్ దిక్కు నుంచి నడిచి వచ్చిన ముత్తాత, దారిలోనే కాన్పు కష్టమై పోయిన ఆయన మొదటి భార్య, పటాన్‌చెరు పక్కన కూలికి కుదిరి ఇంత పొలం సంపాదించిన కొడుకులు, ఏ ఊరికి ఇచ్చారో సహా ఆడబిడ్డలు. మా నాయిన తన తాతను దాటితే తడుముకునేవాడు. "తినుడు యాదుంటది గని, తినబెట్టినోళ్లు యాదుండరారా?" అని నవ్వేది. ఆఖరున ఇంకో దోసెడు పోసేది. "గిది నేను మరిచినోళ్లకు" అనేది.

ఎనభైల చివర్లో మా పొలం ఫ్యాక్టరీ కింద పోయింది. భూమి పోయిన ఇంటికి ఒక నౌకరీ, దానికి వంశవృక్షం రాసి ఇమ్మన్నారు. అక్కను చూపిస్తే ఆమె కొడుకు ఎక్కడ పోటీకొస్తాడోనని నాయినకు, చిన్నాయినకు భయం. "మాకు ఆడతోబుట్టువులు లేరని రాయి" అన్నారు. రాసింది నేనే. ఇంటర్ పాసయిన దాన్ని, దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని మురిసిపోయేదాన్ని. ఆ ముత్యాల్లో మన్ను పొయ్య.

రెవెన్యూ ఆఫీసు నుంచి వచ్చిన గిర్దావరు ఆ కాగితాన్ని చావడిలో అందరి ముందు చదివి, అభ్యంతరాలుంటే చెప్పమన్నాడు. సంగతి తెలిసి రుద్రారం నుంచి వచ్చిన మేనత్త లేచింది.

"సారూ, గీ ఇద్దరిని సంకనేసుకొని సాదిన. నేను లేకుంట ఎట్ల రాసిన్రు?"

"ఈమె ఎవరు?" అని గిర్దావరు నాయినను అడిగాడు. నాయిన నేల చూపులు చూస్తూ, "దూరపు సుట్టం సారూ" అన్నాడు. సొంత అక్కను! ఊరంతా అక్కడే ఉంది. ఒక్కరూ నోరు విప్పలేదు. ఎవరింట్లో చూసినా అలాంటి కాగితమే మరి.

సాయంత్రం మేనత్త నన్ను వెతుక్కుంటూ వచ్చింది. కొడుతుందనుకున్నాను.

"నన్ను కొట్టేసినవ్, సరే. మీ నాయిన కింద మీ అన్ననూ తమ్మునీ రాసినవ్. నిన్ను నువ్వేడ రాసుకున్నవ్ బిడ్డా?"

రాసుకోలేదు. ఎవరూ వద్దనలేదు, నాకే తట్టలేదు. నా జన్మలో అంత సిగ్గు మళ్లీ పడలేదు.

నౌకరీ మా అన్నకొచ్చింది. బావ అదే ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద మూటలు మోశాడు. మేనత్త మళ్లీ మా గడప తొక్కలేదు. నేనే రుద్రారం వెళ్లి, ఆమె చెబుతుంటే మా వంశం మొత్తం మళ్లీ రాశాను, ఈసారి ఆడవాళ్లతో సహా. నామీద కోపం పెట్టుకోకుండా చెప్పింది. ఆ రుణం తీరేది కాదు. తర్వాత సంగారెడ్డిలో నిజాం నాటి భూమి రికార్డులు, పాత పహాణీలు తీయించి, ఉర్దూ వచ్చిన ఒక పెద్దాయనతో చదివించాను. ఆమె చెప్పిన మగవాళ్లంతా వరస తప్పకుండా ఉన్నారు. ఆడది ఒక్కతీ లేదు. ఆ సంగతి చెబితే, "కాయితానిదేముంది బిడ్డా? అబద్ధం జెప్పేది రాసే చెయ్యి" అంది.

మంగళవారం మధ్యాహ్నానికి రుద్రారంలో అంతా సిద్ధమైంది. తల్లిగారింటి చీర కప్పందే ఆడదాని శవం లేవకూడదు. నాయిన కొత్త చీర పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చాడు. బావ చెయ్యి అడ్డం పెట్టాడు.

"మా అమ్మకు నువ్వేమైతవ్?"

నాయిన నావైపు చూశాడు. నేను కదల్లేదు.

"తమ్ముణ్ణి" అన్నాడు, గొణుగుతూ.

"గట్టిగ జెప్పు. ఆనాడు ఊరందరు ఇన్నరు."

ఎనభై ఏళ్ల మనిషి, ఎండలో, రెండు చేతుల మీద చీరతో, "తమ్ముణ్ణి! నేను గామె తమ్ముణ్ణి!" అని అరిచాడు. వాకిలంతా విన్నది. లోపల చాప మీద పడుకున్న ఆమె తప్ప.