పెట్టెలు పెట్టెలుగా వచ్చిన తెలుగు

సూర్యప్రకాశరావు అంకుల్ ఏ సంగతైనా ఎక్సెల్‌లోకి వస్తేనే చదువుతారు. అమెరికాలో షికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో మా అపార్ట్‌మెంట్ల తెలుగువాళ్లకి ఫేస్‌బుక్‌లో ఒక గ్రూప్ ఉండేది. అంకుల్ దాన్ని నేరుగా తెరిచి చూసిన పాపాన పోలేదు. ప్రతి ఆదివారం తను రాసుకున్న కంప్యూటర్ స్క్రిప్ట్ నడిపి, వారం పోస్టులన్నీ షీట్‌లోకి దించుకుని, కాఫీ తాగుతూ వరుసగా చదివేవారు.

"నాతో మాట్లాడాలన్నా ముందు నన్ను డౌన్‌లోడ్ చేసుకోవాలేమో ఈయనకి!" అనేవారు ఆయన భార్య లక్ష్మీకాంతం ఆంటీ.

ఆ షీట్ అంటే అందరికీ హడల్. ఓసారి తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్‌లో అంకుల్ కృష్ణమోహన్ గారిని ప్లేటుతో సహా పట్టుకున్నారు.

"ఏవయ్యా, నయాగరాకి మొదటిసారి వెళ్లానని నాలుగుసార్లు రాశావ్. సార్ట్ చేస్తే నాలుగూ ఒకదాని కింద ఒకటి నిలబడ్డాయి!"

"ప్రతిసారీ మొదటిసారిలాగే ఉంటుంది సార్," అని ఆయన గారెల వైపు జారుకున్నారు.

నేను డిగ్రీ రెండో ఏడు మధ్యలో పెళ్లయి వచ్చాను. మా ఆయన ప్రణవ్ పొద్దున్నే షికాగో ట్రైన్ ఎక్కితే చీకటి పడ్డాకే రావడం. ఆలోపు నాకు నోరు విప్పే పనుండేది కాదు. నలుగురిలో ఉన్నా తలూపడమే. గ్రూప్‌లో మాత్రం తెలుగు లిపిలో నాలుగు ముక్కలు రాసేదాన్ని. ఎవరూ పలికేవారు కాదు. ఇక మానేద్దామనుకున్న వారమే అంకుల్ లాప్‌టాప్ చంకలో పెట్టుకుని తలుపు కొట్టారు.

"అమ్మాయ్, నీ తెలుగు నా స్క్రిప్ట్‌కి ఎక్కట్లేదు. అక్షరాల బదులు అన్నీ పెట్టెలు పెట్టెలుగా వస్తున్నాయ్. కాస్త చదువు, టైప్ చేసుకుంటా."

"ఫేస్‌బుక్‌లో ఉంది కదా అంకుల్..."

"షీట్‌లో లేనిది నాకు లేనట్టే!"

గొణుగుతూ చదివాను. మా పార్కింగ్‌లో మంచు తోసే బండి గురించి రాసిన పోస్టు అది.

"వినపళ్లా. బండివాడికి చెయ్యి ఊపావా?"

"ఊపాను."

"వాడు?"

"హారన్ కొట్టాడు."

"మరి అది రాయలేదేం?"

మూడు వాక్యాల పోస్టుకి గంట పట్టింది. ఆ చలికాలమంతా అంతే. నాకు వారానికి ఒకే రోజు ఉన్నట్టుండేది, ఆదివారం.

ఏప్రిల్‌లో ఓ ఆదివారం ఆంటీ కూడా వచ్చారు. మాటల్లో లాప్‌టాప్ తనవైపు తిప్పుకున్నారు.

"పెట్టెలేవండీ? తెలుగు ముత్యాల్లా ఉంది!"

"ఇవాళే బాగుచేశా."

"ఇవాళా? మీరిక్కడికి రావడం మొదలెట్టకముందే, జనవరిలోనే ఈ పిల్ల రాసింది షీట్‌లోంచి నాకు చదివి నవ్వించారుగా! పాపం, ఎవరితోనూ మాట్లాడట్లేదనీ మీరేగా అన్నారు!"

అంకుల్ చెవులు ఎర్రబడ్డాయి. లాప్‌టాప్ మూసేశారు.

"సరే అమ్మాయ్. స్క్రిప్ట్ బాగుపడిందిగా, ఇక నీకు శ్రమ ఉండదు."

వెళ్లి గుమ్మం దగ్గర బూట్లు వేసుకోసాగారు. నా ఆదివారాలు వెళ్లిపోతున్నాయి. మొదటిసారి, ఎవరూ అడక్కుండానే నా గొంతు పైకి లేచింది.

"అంకుల్! ఇంకా రాయని పోస్టొకటుంది. అది మీ స్క్రిప్ట్‌కి అందదు."

అంకుల్ ఒంటి బూటుతోనే వెనక్కొచ్చి సోఫాలో కూర్చున్నారు.

"మొదటినుంచీ చెప్పు," అన్నారు.