నీళ్లు దిగని గొయ్యి

"ఏటే, గొయ్యిలో నీళ్లు దిగినాయా?"

"దిగినాయండి, మీరు పడుకోండి."

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. పోయే మనిషి దేవుణ్ణి తలుచుకుంటాడంటారు. మా ఆయన పెరట్లో మురుగు గొయ్యిని తలుచుకున్నాడు. నాకు అక్షరాలు అంతంతమాత్రం. నేను చెబుతుంటే మా చెల్లెలి కోడలు రాస్తోంది.

రాయపూర్ నుంచి అభన్‌పూర్ వెళ్లే చిన్న రైలు దారిలో, ఒక పల్లె స్టేషన్లో ఆయన రైలుకి పట్టాలు మార్చే పాయింటుమాను. రైల్వే వాళ్లు క్వార్టరిచ్చారు. శ్రీకాకుళం వైపు పూరిల్లు తప్ప ఎరగని దాన్ని, ఆ గచ్చు నేల చూసి మహారాణినైపోయాను. కానీ మా అంట్ల నీళ్లూ స్నానాల నీళ్లూ పోయి బాటలో మడుగు కట్టేవి. తనిఖీకి వచ్చిన దొర బూటు అందులో దిగబడింది. మళ్లీ వచ్చేసరికి ఇది ఆరకపోతే క్వార్టరు ఖాళీ చెయ్యమన్నాడు.

మా ఆయన గొయ్యి తవ్వాడు. అడుగున కంకర, దాని మీద ఇంజన్లోంచి తీసి పారేసిన బొగ్గు చిట్టెం, పైన ఇసుక. మురుగంతా అందులో ఇంకాలి. మొదట్లో చక్కగా ఇంకింది. వచ్చేపోయే వాళ్లందరినీ పిలిచి చూపించాడు. ఆ తర్వాత నిండి పొర్లింది.

"నీ అంట్ల బూడిదేనే!"

"నా బూడిద మీ చిట్టెం కన్నా నలుపా ఏటి?"

అయినా బూడిద మానిపించాడు. తర్వాత నా తలవెంట్రుకలన్నాడు. సబ్బన్నాడు. చివరికి నన్ను స్నానమే మానెయ్యమంటాడేమోనని భయపడ్డాను.

ఆయన ఖాకీ బట్టల సంగతి చెప్పాలి. వాటికి గంజి ఆయనే పెట్టుకునేవాడు. చుట్టుపక్కల తెలుగిళ్లలో వార్చిన గంజంతా పోగు చేసి తెచ్చేవాడు. ఆ చొక్కా విప్పాక కూడా లోపల మనిషున్నట్టే నిలబడేది. మిగిలిన గంజి రోజూ తూములో పోసేవాడు.

ఒకరోజు పక్కింటి ఛత్తీస్‌గఢీ అవ్వ అది చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఏ బాబూ! పసియా లా నాలీ మా ఫేంకథస్?"

గంజిని మురుగులో పారేస్తావా అని. వాళ్లు దాన్ని ఉప్పేసుకుని తాగుతారు.

ఆయన గిన్నె వంకా గొయ్యి వంకా చూశాడు. తర్వాత పార తెచ్చి పై ఇసుక గీరాడు. అప్పడాల్లా పలకలు పలకలుగా లేచింది.

"చొక్కాకే కాదు, గొయ్యికీ గంజెట్టారు!" అన్నాను.

"నవ్వకే, కోటరు పోతాది!" అన్నాడు గానీ ఆయనకూ నవ్వాగలేదు.

ఇసుక మార్చాడు. ఇంట్లో వార్చిన గంజి అవ్వకి పంపించాడు. తనిఖీ అయ్యేదాకా చొక్కాకి గంజి పెట్టనని ఒట్టేసుకున్నాడు. దొర వచ్చిన రోజు బాట ఎండి ఉంది. మా ఆయన చొక్కా మాత్రం తడిగుడ్డలా వేలాడుతోంది. దొర ఆయన వంకే చూసి, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. క్వార్టరు మాకే ఉండిపోయింది.

అప్పటినుంచి రోజూ పడుకునే ముందు అదే ప్రశ్న. నేను చూడకుండానే దిగినాయనేదాన్ని. ఆ ఆఖరిసారి మాత్రం లేచి వెళ్లి, చూసొచ్చే చెప్పాను.

ఏమ్మా, అంతా రాశావా? ఏదీ, మొదటినుంచి చదివి వినిపించు. ఆయన మాట దగ్గర కాస్త గట్టిగా చదువు.