తెర బాబాయి ముందు వరుసలో కూర్చున్నాడు

పాత నాటకశాలలో తెర లాగే ఆయన్ని ఊరంతా తెర బాబాయి అనేవారు. నూరేళ్ళు దాటిన ఆ చెక్క భవనమంటే ఊరికెంత గర్వమో, దాని తెర తాడంటే బాబాయికి అంత. వేదిక పక్కన స్తంభం చాటున నిలబడి, నటుడి గొంతు ఎక్కడ తగ్గుతుందో చెవితోనే పట్టేసి, తెరను మెల్లగా జార్చేవాడు. ఇంట్లో కిటికీ తెరలు కూడా అలాగే లాగుతుంటే, కుట్టు మిషన్ ముందు కూర్చున్న పిన్ని కసిరేది.

"గాలి రావడానికి కూడా నాటకమేనా? చప్పున లాగండి!"

నాటకశాల కాలిపోయిన మధ్యాహ్నం బాబాయి సెలూన్‌లో ఉన్నాడు. ఒక చెంప గీయడం అయింది, రెండో చెంప మీద నురగ అలాగే ఉంది. బయట ఎవరో "నాటకశాల అంటుకుంది!" అని అరిచారు. మెడలో తువ్వాలుతోనే పరుగెత్తాడు.

అప్పటికే కప్పులోంచి పొగ సుళ్ళు తిరుగుతోంది. వైర్లలో నిప్పురవ్వ పుట్టిందట. లోపల ఎవరూ లేకపోవడం ఒక్కటే అదృష్టం.

"బాబూ, అది మఖమల్ తెర! ముందు దానిమీద నీళ్ళు కొట్టండి!" అని ఫైరింజన్ వాళ్ళని బతిమాలాడు.

"ముందు మీరు వెనక్కి జరగండి పెద్దాయనా," అంటూ ఒకతను భుజం పట్టుకుని పక్కకు తీసుకెళ్ళాడు.

కాసేపటికి కప్పు కుప్పకూలింది. నురగ మీదుగా కన్నీళ్ళు కారుతున్న బాబాయిని ఎవరో ఫొటో తీశారు. మర్నాడు అది పేపర్లో మొదటి పేజీలోనే పడింది.

"జన్మకోసారి పేపర్లో పడ్డారు, అదీ సగం గడ్డంతోనా!" అని పిన్ని తల పట్టుకుంది. ఆయన నవ్వలేదు. అది చూసి ఆవిడ పేపరు మడిచి, మిషన్ వదిలేసి, వచ్చి పక్కన కూర్చుంది.

ఆ తర్వాత ఆయనకి పొద్దు గడవడమే గగనమైంది. సాయంత్రమైతే చేతులు ఊరుకునేవి కావు. ఆరిన దుప్పట్లు తీసి, మళ్ళీ ఆరేసి, పిన్ని ప్రాణం తోడేసేవాడు.

ఇలా ఉండగా నాటక బృందం నడిపే మేడమ్ ఇంటికొచ్చింది.

"బాబాయ్, స్కూలు హాల్లో మళ్ళీ మొదలెడుతున్నాం. మీరూ పిన్నీ ముందు వరుసలో కూర్చోవాలి. తెర మాత్రం లేదు, లైట్లు ఆర్పడమే."

"తెర లేకపోతే నేనెందుకమ్మా?"

"చూడ్డానికి!"

పిన్ని లాక్కెళితే వెళ్ళాడు. నాటకం ఆయనకి కంఠతా వచ్చిందే. కానీ ఇన్నేళ్ళూ స్తంభం చాటునుంచి రాజుగారి ఎడమ చెవి తప్ప మొహం చూసిన పాపాన పోలేదు. కొడుకు చనిపోయాడన్న కబురు విని రాజు ఏమీ మాట్లాడడు. బాబాయి లెక్కలో అది తాడు బిగించి పట్టుకునే సమయం. ఇప్పుడు ఎదురుగా చూస్తే, ఆ మౌనంలో రాజు నవ్వబోతున్నాడు, నవ్వు రావడం లేదు. బాబాయి వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఇన్నేళ్ళూ చూసిందేగా!" అని పిన్ని గుసగుసలాడింది.

"విన్నానే. చూడలేదు."

ఇంటికొస్తూ కాలిన గోడల దగ్గర ఆగాడు. మసి వాసన ఇంకా పోలేదు. పిన్ని తొందరపెట్టలేదు. కాసేపయ్యాక ఆయనే కదిలాడు.

"ఆ రాణి వేషం పిల్ల బాగా చేసింది కదూ?"

"ఏం బాగు! భుజం దగ్గర కుట్టు ఊడిపోయి నా ప్రాణం తీసింది. నా చూపంతా అక్కడే."

"వచ్చే ఆదివారం ఇంకోటి ఆడతారట. అందులో మంత్రి మొహం కూడా నేను చూసి ఎరగను."

"అయితే ఆ రోజు మిషన్ ముట్టను," అంది పిన్ని. "సూదీ దారం తెస్తాను. కాస్త ముందే వెళ్ళి ఆ పిల్లకి కుట్టేసి కూర్చుందాం."