మా అక్క వంటింటి వెచ్చని గోడ

పెట్టుబడిదారీ విధానాన్ని సమూలంగా మార్చేయాలని ఒడిశాలో కొండమీదున్న కొరాపుట్ బస్టాండు దగ్గర ఏళ్ల తరబడి ఉపన్యాసాలు రుబ్బినవాణ్ణి నేను. ఆ విధానం తనంతట తాను వ్యానెక్కి మా అక్క గుమ్మంలోకి వస్తే, ఎదురెళ్లి కుర్చీ వేసినవాణ్ణీ నేనే. టీ కూడా తెచ్చాను. పంచదార రెండోసారి అడిగి మరీ వేయించాను. నా తెలివితక్కువతనాల్లో ఇదే పెద్దదని చెప్పలేను గాని, ఇంత మర్యాదగా చేసింది మాత్రం ఇంకోటి లేదు.

నాది మునిసిపాలిటీలో నీళ్ల పంపు దగ్గర ఉద్యోగం. పాత గొట్టానికి ఇక్కడ అతుకేస్తే అక్కడ కారడం రోజూ చూస్తాను కనక, కుళ్లినదాన్ని మొత్తం పీకి కొత్తది వేయాలన్నది నా సిద్ధాంతం. మా బావది, అంటే అక్క మొగుడిది, స్కూటర్లు బాగుచేసే పని. ఆయన చేతికొచ్చిన బండేదీ పాత సామాన్లలోకి పోలేదు. ఆయన సిద్ధాంతం ఏమై ఉంటుందో చెప్పక్కర్లేదు.

"ఏటోయ్, ఇంజను పొగొదిల్తందని బండి పారేత్తామా?" అనేవాడు.

"నీ బండికి బ్రేకుల్లేవు బావా."

"ఏసుకుందాం. అందుకే గదా గవర్నమెంటు."

"బ్రేకులేసేవోడు కూడా ఆ బండెనకాలే ఎక్కి కూర్సున్నాడు బావా!"

అక్క ఇడ్లీ బండి పక్కనున్న బెంచీ మీద కూర్చుని మేమిద్దరం ప్రపంచాన్ని ఇలా విప్పి బిగించేవాళ్లం. అక్క కాసేపు చూసి, "ఇద్దరూ లెగండి. తినేవోలు నిలబడ్డారు," అనేది. ప్రపంచం అక్కడితో ఆగేది.

బస్టాండు గోడవారన అలాంటి బళ్లు నాలుగు. అన్నీ కిందనించి పైకొచ్చిన మన తెలుగువాళ్లవే. మా వాళ్లు గుణుపూర్ దగ్గర పద్మపూర్‌లో వ్యవసాయం చేసేవారు. అక్కడినుంచి ఈ కొండమీదికొచ్చిన ప్రతివాళ్లూ మొదటి చలికాలంలో ఒకే తప్పు చేస్తారు. ఊళ్లో చేసినట్టే సాయంత్రం పిండి రుబ్బి, మూతపెట్టి, పొద్దున్నకి పొంగుతుందని పడుకుంటారు. తెల్లారి చూస్తే మనుషులు ముడుచుకుని ఉంటారు, పిండీ ముడుచుకునే ఉంటుంది. ఆ పిండితో ఇడ్లీ వేస్తే దానితో గోడ కట్టొచ్చు.

అక్క మాత్రం ఈ విషయంలో అదృష్టవంతురాలు. ఆమె అద్దెకుంటున్న ఇంటి వంటగదిని ఆనుకుని ఒక బేకరీ ఉంది. వాళ్ల పొయ్యి సరిగ్గా ఆ గోడ అవతలే. ఎంత చలిలోనైనా ఆ గోడ జ్వరమొచ్చిన ఒళ్లులా వెచ్చగా ఉండేది. అందుకని చలికాలమంతా నాలుగు బళ్ల పిండిగిన్నెలూ అక్క వంటింట్లో ఆ గోడకి చేరేవి. గోనెపట్టాలు కప్పుకుని, బంతిలో కూర్చున్న పెద్దవాళ్లలా ఉండేవి. ఎవరి గిన్నె వాళ్లు పొద్దున్నే పట్టుకెళ్లేవారు. ఆ వేడికి బేకరీవాళ్లు అక్కనేమీ అడగలేదు, అక్క మిగతావాళ్లనేమీ అడగలేదు. మూలధనం గురించి అంత మాట్లాడే నాకు ఆ మూలనున్న ధనం కంటికి ఆనలేదు.

అప్పుడొచ్చాడు ఏజెంటు. రాయగడలో ఒక కంపెనీ ఇడ్లీ పిండి పొట్లాలు చేస్తోందట. పొంగిన పిండి, రోజూ వ్యానులో వస్తుంది. ఐసుపెట్టె ఉచితం, బండికి పెద్ద గొడుగు ఉచితం. నాలుగు బళ్లలో ఒక్కరికే ఇస్తారు, అక్కది మొదటి బండి కనక అక్కకి. షరతొక్కటే: పెట్టె ఉన్న గదిలో వేరే పిండి ఉండకూడదు.

అక్కకి కుడి భుజం నొప్పి. గ్రైండరులోంచి పిండి ఎత్తిపోసినప్పుడల్లా పళ్లు బిగించేది. నేను అది చూసి కరిగిపోయాను. నా సిద్ధాంతం కూడా ఎంచక్కా కరిగింది. పెట్టుబడి ముందు పండాలి, పండాకే రాలుతుంది అని అక్కకి వివరించాను.

"పండితే పండనీగాని, ఆలు ముగ్గురూ గిన్నెలెక్కడెట్టుకుంతార్రా?" అంది అక్క.

"మార్పులో కొందరికి ఇబ్బంది తప్పదక్కా."

బావ నావైపు అదోలా చూశాడు. "కంపెనీ అల్లుడొచ్చేడు, పీటెయ్యండి," అన్నాడు.

భుజం నొప్పే గెలిచిందో, నా వాగుడే గెలిచిందో, అక్క ఒప్పుకుంది. ఐసుపెట్టె వంటింట్లోకొచ్చింది, మూడు గిన్నెలూ వాటి ఇళ్లకి వెళ్లిపోయాయి. ఆ వారం చలి బాగా ముదిరింది. పక్కబళ్ల ఇడ్లీలు పలకల్లా వచ్చాయి, జనం అక్క బండి దగ్గరికి జరిగారు. కొత్త గొడుగు కింద వరస పెరగడం చూసి నేను పొంగిపోయాను. ఆ చలిలో పొంగింది నేనొక్కణ్ణే. అక్క మాత్రం వాయి దింపుతూ పక్కకి చూడటం మానేసింది. అంతకుముందు ఉప్పయిపోయినా చిల్లర లేకపోయినా ఒక బండి మీంచి ఇంకో బండికి అరుచుకునేవారు. ఆ అరుపులూ ఆగిపోయాయి.

ఒకరోజు పొద్దున్న వ్యాను రాలేదు. ఘాట్‌రోడ్డులో మంచు పట్టేసి బళ్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయట. అక్క పొయ్యి వెలిగించి, ఇడ్లీపాత్రలో నీళ్లు పోసి, ఏం చెయ్యాలో తెలీక నిలబడింది. నీళ్లు కాగుతున్నాయి. వరసలో జనం ఉన్నారు. పొట్లాలొచ్చాక అక్క సొంతంగా రుబ్బడం మానేసింది, ఇంట్లో గరిటెడు పిండి లేదు. పంపు షిఫ్టు దిగి వచ్చిన నేను గొడుగు కర్ర పట్టుకుని నిలబడ్డాను. అంతకంటే నాకు చేతనయిందేమీ లేదు.

పక్కబండి పిన్ని గిన్నెతో వచ్చింది. నలుగురిలోనూ పెద్దది, నోరు కూడా పెద్దదే.

"ఏటమ్మీ, ఉత్త నీలు ఉడకబెట్టి అమ్ముతావేటి?"

పిన్ని తన గిన్నెలోంచి సగం పిండి అక్క గిన్నెలోకి వంచేసింది. వెనకాలే మిగతా ఇద్దరూ వచ్చి తలా కాస్త పోశారు.

"సరిగా పొంగలేదు మరి. పల్లున్నోలకి ముందెట్టు," అంది పిన్ని. నావైపు తిరిగి, "గొడుగు బాగా పట్టుకో నాయినా, అదొక్కటే నీకొచ్చిన పని," అంది.

ఆ సాయంత్రం అక్క నాకు ఒకే మాట చెప్పింది. "నువ్వు సెప్పింది ఇన్నాను. ఇప్పుడు నాను సెప్పింది ఇను. ఆ పెట్టి తీసి అరుగుమీదెట్టు." తనే వెళ్లి మూడిళ్ల గిన్నెలూ అడిగి తెచ్చింది. బావ స్కూటరు మీద అటూ ఇటూ తిరిగి మోశాడు. అక్క భుజం గురించి కూడా వాళ్లే తేల్చారు. రుబ్బిన పిండి ఎత్తిపోయడం ఆరోజునుంచి పిన్ని కూతురి వంతు, బదులుగా పిన్ని బండి సామాను అక్క సర్దిపెడుతుంది. ఇది నాకెందుకు తోచలేదని నన్నెవరూ అడగలేదు. అందుకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి.

వాళ్లు ఆరోజు పిండి పొయ్యకపోయినా తప్పు పట్టేవాళ్లెవరూ లేరు. అక్క బండి మూతపడితే ఆ వరస వాళ్లవైపే నడిచేది. లాభనష్టాల లెక్క ఏది చూసినా అదే చెబుతుంది. ఆ లెక్క వాళ్లకి తెలీక కాదు, నాకంటే బాగా తెలుసు. గొట్టం మార్చాలా అతుకెయ్యాలా అని నేనూ బావా ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నాం. మార్చాలనే అంటాను నేను. కానీ మార్చాక ఏం పెడతావని ఆయన అడిగితే వెనకటిలా గాల్లోకి చెయ్యి ఊపను. ఆ వంటింటివైపు చూపిస్తాను. "మరా గోడ నాలుగు గిన్నెలకే సరిపోద్ది గదా," అంటాడు బావ. ఐదో గిన్నె ఎక్కడ పెట్టాలా అని ఇంకా ఆలోచిస్తున్నాను. అడిగినందుకు ఆయనమీద కోపం లేదు.

పొట్లాలొద్దని కబురు పంపితే, నాలుగు రోజులాగి ఏజెంటు పెట్టె తీసుకెళ్లడానికొచ్చాడు. చలికి వణుకుతున్నాడు. జీతం లేదట, కమీషనే. పెట్టె మీద గీత పడితే అదీ కోస్తారట. అతన్ని తిట్టాలని దాచుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. అతనూ ఎవరో రుబ్బుతున్న పిండే. కూర్చోబెట్టి, అక్కచేత వేడి వేడి ఇడ్లీలు పెట్టించాను.

అయినా మనిషిని కదా. అతను రెండో ఇడ్లీ తుంచుతుండగా అడిగాను, "ఎలాగున్నాయండి?"

"దూదిలాగున్నాయండీ," అన్నాడు నోటినిండా.

"ఈళ్లకి ఇనపళ్లేదు. కొంచెం గట్టిగా సెప్పండి," అన్నాను, వరసలో నిలబడ్డ జనాన్ని చూపించి.

గట్టిగానే చెప్పాడు. సగం మంది ఒరియా వాళ్లున్నారు, ఒరియాలో కూడా ఒకసారి చెప్పమన్నాను. పాపం, చెప్పాడు.